కొలువుకు ముందు మెట్టు: ప్రభుత్వ ఇంటర్న్‌షిప్‌లు, మన పీజీ విద్యార్థులు, మన బాధ్యత



రెండేళ్ల క్రితం మాట. ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్న ఒక అమ్మాయి వాళ్ల అబ్బాను వెంటబెట్టుకొని మన ఆఫీసుకు వచ్చింది. ఆయన దర్జీ. కుట్టిన బట్టకు ఇంతని కూలి. అమ్మాయి చేతిలో ఒక ఈమెయిల్ ప్రింటు ఉంది. ఢిల్లీలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్‌కు ఎంపికైంది. జీతం లేదు, బస లేదు. "సర్, రైలు టికెట్లు మేం చూసుకుంటాం. అక్కడ ఉండటానికి, తినడానికి సంస్థ ఏమైనా సాయం చేస్తుందా?" అని అడిగింది.

ఆ రోజు విద్యా కమిటీ తరఫున కూర్చున్నది నేనే. నిబంధనల పుస్తకం తిరగేశాను. సాయం కోరే ప్రతి దరఖాస్తుకు కాలేజీ ఫీజు రసీదుగాని, పుస్తకాల బిల్లుగాని జతచేయాలని ఉంది. "ఫీజు రసీదు ఏదైనా ఉందా అమ్మా?" అన్నాను. ఇంటర్న్‌షిప్‌కు ఫీజే ఉండదు, ఇక రసీదు ఎక్కడి నుంచి వస్తుంది? వాళ్ల అబ్బా "పర్వాలేదు సాబ్, మీ రూలు మీది" అని లేచారు. అమ్మాయి ఢిల్లీ వెళ్లలేదు.

మన దగ్గర ఆ రోజు డబ్బు లేక కాదు. ఆ నెలలోనే ఫీజుల కింద అంతకు ఎన్నో రెట్లు ఇచ్చాం. ఇంటర్న్‌షిప్ అంటే ఏమిటో, దానివల్ల ఏం వస్తుందో నాకు తెలియకపోవడమే అసలు లోపం. తర్వాత తెలుసుకున్నది దాతలకు కూడా తెలిస్తే ఇంకో పిల్ల అలా వెనక్కి వెళ్లదని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇంటర్న్‌షిప్ అంటే ఏమిటి, ఏది కాదు

చదువుకుంటున్న విద్యార్థి కొన్ని వారాలో, కొన్ని నెలలో ఒక ప్రభుత్వ శాఖలో అధికారుల దగ్గర ఉండి పని నేర్చుకోవడమే ప్రభుత్వ ఇంటర్న్‌షిప్. నివేదికలు చదివి సారాంశం రాయాలి. లెక్కల పట్టికలు సరిచూడాలి. సమావేశంలో ఏం చర్చించారో నోట్ తయారుచేయాలి. ఒక పథకం జిల్లాల్లో ఎలా నడుస్తోందో పరిశీలించి చిన్న అధ్యయనం సమర్పించాలి. అక్కడ చూసిన ఫైళ్లలోని విషయాలు బయట చెప్పకూడదు. చివర్లో నివేదిక ఇచ్చి, హాజరు సరిగా ఉంటే సర్టిఫికెట్ ఇస్తారు.

ఇది ఉద్యోగం కాదు. ఇంటర్న్‌షిప్ చేసినవారికి అదే శాఖలో ఉద్యోగం ఇస్తామని ఎవరూ హామీ ఇవ్వరు. యూపీఎస్సీ సివిల్ సర్వీసెస్ పరీక్షలో దీనికి ప్రత్యేకంగా మార్కులు కూడా లేవు. అక్కడ మెయిన్స్‌కు 1750, ఇంటర్వ్యూకు 275, మొత్తం 2025 మార్కులు. ర్యాంకు వాటి మీదే వస్తుంది. "ఇంటర్న్‌షిప్ చేస్తే కలెక్టర్ అయిపోతావు" అని పిల్లలకు చెప్పేవాళ్లను నమ్మవద్దు.

ఇంకొక తేడా కూడా గుర్తుంచుకోవాలి. 2024 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన పీఎం ఇంటర్న్‌షిప్ పథకం పేరు చాలామంది విన్నారు. అది పెద్ద కంపెనీల్లో పనికి సంబంధించినది. 2024 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలైనప్పుడు 21 నుంచి 24 ఏళ్ల వారికి, నెలకు 5,000 రూపాయల చొప్పున, 12 నెలల పాటు అని నియమాలు పెట్టారు. పూర్తికాల కోర్సు చదువుతున్నవారిని, పీజీ డిగ్రీ ఉన్నవారిని అందులోకి తీసుకోలేదు. మన ఆఫీసుకు వచ్చే పీజీ పిల్లలు చాలామంది ఆ పేరు విని దరఖాస్తు చేసి నిరాశపడ్డారు. వాళ్లకు పనికివచ్చేవి ప్రభుత్వ శాఖలు సొంతంగా నడిపే ఇంటర్న్‌షిప్‌లు.

అయితే వీటివల్ల ప్రయోజనం ఏమిటి?

2006లో సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక మనలో చాలామందికి తెలుసు. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో ముస్లింలు 13.4 శాతం. కాని ఐ.ఏ.ఎస్.లో 3 శాతం, ఐ.పి.ఎస్.లో 4 శాతం, విదేశాంగ సర్వీసులో 1.8 శాతమే ఉన్నారని ఆ కమిటీ తేల్చింది. ఈ అంకెలు ప్రతి సభలోనూ చదువుతాం, బాధపడతాం, ఇంటికి వెళ్తాం. ఆ తర్వాత ఏం చేయాలన్న ప్రశ్నకు మన జవాబు ఎక్కువగా కోచింగ్ ఫీజులే.

కోచింగ్ అవసరమే. కాని మన పిల్లలకు కొరత కోచింగ్ ఒక్కటే కాదు. తాతతండ్రుల్లో ఒక్కరైనా సచివాలయంలో పనిచేసి ఉంటే, ఫైలు ఎలా కదులుతుందో, ఏ శాఖ ఏం చేస్తుందో, ఏ పరీక్షతో ఏ కొలువు వస్తుందో ఇంట్లో అన్నం తింటూనే పిల్లలు వింటారు. బండి మీద పండ్లు అమ్మే ఇంట్లో, కుట్టు మిషను ముందు కూర్చునే ఇంట్లో ఆ మాటలు వినిపించవు. ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్ ఆ వినికిడిని ఇస్తుంది.

ఒక ఉదాహరణ. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ అని ఒక కేంద్ర సర్వీసు ఉంది. ఎకనామిక్స్‌లోగాని, దానికి దగ్గరి సబ్జెక్టుల్లోగాని పీజీ చేసి, 21 నుంచి 30 ఏళ్ల మధ్య ఉన్నవారికి యూపీఎస్సీ వేరే పరీక్ష పెడుతుంది. ఎం.ఏ. ఎకనామిక్స్ చదివే పిల్లకు సరిగ్గా సరిపోయేది. ఆ రోజు మా ముందు కూర్చున్న అమ్మాయికి ఆ సంగతి మేం చెప్పలేదు. ఎందుకంటే మాకే తెలియదు. ఢిల్లీలో ఆ సర్వీసు అధికారుల పక్కన రెండు నెలలు కూర్చుని ఉంటే ఆమెకు తెలిసేది.

ఇంకొకటి, భయం పోతుంది. పెద్ద కార్యాలయం గేటు దగ్గరే కాళ్లు వణికే పిల్లలు, రోజూ అదే గేటులోంచి గుర్తింపు కార్డు చూపించి లోపలికి వెళ్తే నెలలో మారిపోతారు. ఇంగ్లీషులో ఒక పేజీ నోట్ రాయడం, పై అధికారికి సూటిగా జవాబు చెప్పడం, గడువులోగా పని అప్పగించడం నేర్చుకుంటారు. ఇవి ఏ ఇంటర్వ్యూలోనైనా, ఏ కొలువులోనైనా అక్కరకొస్తాయి.

మన పిల్లలు దరఖాస్తు చేయదగిన కొన్ని కార్యక్రమాలు

నియమాలు ఏటా కొంత మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే ముందు ఆ శాఖ అధికారిక ప్రకటన చదవాలి. ముఖ్యమైన ఐదు కార్యక్రమాల వివరాలు ఇవి.

1. నీతి ఆయోగ్. ప్రణాళికా సంఘం స్థానంలో 2015 జనవరి 1న ఏర్పడిన సంస్థ. వ్యవసాయం, విద్య, ఆరోగ్యం, ఇంధనం, ఆర్థిక వ్యవహారాలు వంటి విభాగాల్లో విద్యార్థులను తీసుకుంటుంది. పీజీ మొదటి ఏడాది పరీక్షలు రాసినవారు, పరిశోధక విద్యార్థులు అర్హులు. డిగ్రీలో 70 శాతం మార్కులు ఉండాలి. డిగ్రీ విద్యార్థులైతే రెండో ఏడాది పరీక్షలు రాసి, ఇంటర్మీడియట్‌లో 85 శాతం తెచ్చుకొని ఉండాలి. కాలం కనీసం ఆరు వారాలు, గరిష్ఠంగా ఆరు నెలలు. ప్రతి నెలా 1 నుంచి 10వ తేదీ వరకు ఆన్‌లైన్ దరఖాస్తులు తీసుకుంటారు. డబ్బు ఏమీ ఇవ్వరు. ల్యాప్‌టాప్ కూడా విద్యార్థే తెచ్చుకోవాలి.

2. విదేశాంగ మంత్రిత్వ శాఖ. డిగ్రీ పూర్తిచేసి, 25 ఏళ్లు దాటని వారికి. జనవరి నుంచి జూన్ వరకు ఒక విడత, జులై నుంచి డిసెంబరు వరకు మరొక విడత. ఒక నెల నుంచి మూడు నెలల వరకు ఉండవచ్చు. నెలకు 10,000 రూపాయల గౌరవ వేతనం, రానుపోను విమాన టికెట్టు ఖర్చు ఇస్తారు. ఎంపికలో అన్ని రాష్ట్రాలకు వాటా ఉంటుంది. వెనుకబడిన జిల్లాల పథకం కింద ఉన్న జిల్లాల విద్యార్థులకు ప్రాధాన్యం ఉంటుంది. 2018లో మొదలైన ఆ పథకం జాబితాలో మన కడప, విజయనగరం, విశాఖపట్నం జిల్లాలు చేరాయి. తెలంగాణలో ఆసిఫాబాద్, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం ఉన్నాయి. ముఖ్యంగా కడప జిల్లా పిల్లలకు ఇది పెద్ద అవకాశం. ఆ సంగతి తెలియక దరఖాస్తే చేయని పిల్లలు ఎంతమందో.

3. రిజర్వు బ్యాంకు వేసవి ఇంటర్న్‌షిప్. ఎకనామిక్స్, కామర్స్, స్టాటిస్టిక్స్, మేనేజ్‌మెంట్, బ్యాంకింగ్, ఫైనాన్స్, లా వంటి సబ్జెక్టుల్లో పీజీ చదివేవారికి, అయిదేళ్ల సమీకృత కోర్సుల వారికి, మూడేళ్ల లా డిగ్రీ వారికి. చివరి ఏడాదికి ముందు ఏడాదిలో ఉండాలి. దేశం మొత్తం మీద 125 మందిని తీసుకుంటారు. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దరఖాస్తులు, కొత్త ఏడాది మొదట్లో ఇంటర్వ్యూలు, ఏప్రిల్ నుంచి మొదలై గరిష్ఠంగా మూడు నెలల పని. నెలకు 20,000 రూపాయలు ఇస్తారు. బస మాత్రం విద్యార్థే చూసుకోవాలి.

4. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ. ఇది ఆడపిల్లలకు, మహిళలకు మాత్రమే. పెద్ద నగరాలు కాని ఊళ్ల నుంచి, పల్లెల నుంచి వచ్చే 21 నుంచి 40 ఏళ్ల వారిని రెండు నెలల పాటు ఢిల్లీకి తీసుకుంటారు. నెలకు 20,000 రూపాయలు, రానుపోను రైలు ఖర్చు, హాస్టల్‌లో చోటు ఇస్తారు. భోజనం మాత్రం సొంత ఖర్చు. ఏడాదిలో నాలుగు బ్యాచ్‌లు నడుస్తాయి. చిన్న ఊళ్ల ఆడపిల్లల కోసమే రూపొందించిన ఇలాంటి కార్యక్రమం మన కుటుంబాలకు ముందుగా చెప్పదగినది.

5. జాతీయ మానవ హక్కుల సంఘం. 1993 చట్టం కింద ఏర్పడిన సంస్థ. లా, సోషల్ వర్క్, పొలిటికల్ సైన్స్ వంటి సబ్జెక్టుల వారికి వేసవిలోనూ, శీతకాలంలోనూ నాలుగు వారాల కార్యక్రమాలు ఢిల్లీలో నడుపుతుంది. వాటితోపాటు రెండు వారాల ఆన్‌లైన్ కార్యక్రమం కూడా ఉంది. ఊరు దాటి వెళ్లలేని పిల్లలు ఇంటి నుంచే మొదలుపెట్టడానికి ఇది అనువైనది.

ఇవి కాక న్యాయ శాఖ, కాంపిటీషన్ కమిషన్ వంటివి లా విద్యార్థులను తీసుకుంటాయి. పై ఐదూ బాగా తెలుసుకుంటే మిగతావి వెతుక్కోవడం కష్టం కాదు.

దరఖాస్తులో మన పిల్లలు ఎక్కడ తడబడుతున్నారు

గత ఏడాదిన్నరగా పిల్లల దరఖాస్తులు దగ్గర కూర్చొని చూస్తున్నాను. నాలుగు చోట్ల తడబాటు కనిపించింది.

మొదటిది కాలేజీ అనుమతి పత్రం. చాలా శాఖలు దీన్ని అడుగుతాయి. విభాగాధిపతి సెలవులో ఉంటారు, ప్రిన్సిపాల్ సంతకానికి వారం పడుతుంది. గడువు పదో తేదీ అయితే ఎనిమిదో తేదీన పరుగు మొదలుపెడతారు. నెల ముందే తీసుకోవాలి.

రెండోది "ఎందుకు చేరాలనుకుంటున్నారు" అని అడిగే చోట రాసే పేరా. అందరూ దేశసేవ తమ ఆశయమని, చిన్ననాటి నుంచి సివిల్స్ కల అని రాస్తున్నారు. వందల దరఖాస్తుల్లో అదే మాట ఉంటుంది. ఒక అబ్బాయిని అడిగాను, "మీ అమ్మగారు ఏం చేస్తారు?" అని. డ్వాక్రా సంఘంలో ఉన్నారని, సంఘం లెక్కల పుస్తకం నాలుగేళ్లుగా తానే రాస్తున్నానని చెప్పాడు. అప్పు ఎవరు సకాలంలో కడతారో, ఎందుకు కట్టలేకపోతారో అతనికి బాగా తెలుసు. "అదే రాయి నాయనా" అన్నాను. పొదుపు సంఘాల మీద పనిచేయాలనుకునే విద్యార్థికి అంతకంటే మంచి అర్హత ఏముంటుంది? మన పిల్లల బతుకుల్లోనే పథకాలన్నీ ఉన్నాయి. రేషను కార్డు, పింఛను, ఫీజు రీయింబర్స్‌మెంట్, ఆరోగ్యశ్రీ. వాటిని అనుభవంగా చెప్పుకోవచ్చని వాళ్లకు తోచదు. అడిగి చెప్పించాలి.

మూడోది కుల, ఆదాయ ధ్రువపత్రాలు. రాష్ట్రంలో బీసీ-ఈ సర్టిఫికెట్ ఉంది కాబట్టి కేంద్రంలోనూ ఓబీసీ అని చాలామంది అనుకుంటారు. రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర జాబితా వేరు. తమ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోవాలి. లేకపోతే, కుటుంబ ఆదాయం, ఆస్తి పరిమితుల్లోపు ఉంటే, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కు అర్హులు కావచ్చు. తప్పు గడిలో టిక్కు పెడితే తర్వాత పత్రాల పరిశీలనలో చిక్కు వస్తుంది. ఈ జాగ్రత్త ఇంటర్న్‌షిప్‌కే కాదు, రేపు ఏ కేంద్ర పరీక్షకైనా కావాలి.

నాలుగోది మోసాలు. పైన చెప్పిన వాటిలో వేటికీ దరఖాస్తు రుసుము లేదు. "రిజిస్ట్రేషన్‌కు రెండు వేలు కట్టండి, మంత్రిత్వ శాఖలో సీటు ఖాయం" అని వాట్సాప్‌లో వచ్చే మెసేజ్‌లు నమ్మకూడదు. శాఖ సొంత వెబ్‌సైటులో ప్రకటన కనబడితేనే దరఖాస్తు చేయాలి.

ఖర్చు లెక్క

ఇప్పుడు దాతలు అడిగే ప్రశ్నకు వద్దాం. ఒక్కొక్కరికి ఎంత అవుతుంది?

జీతం లేని ఎనిమిది వారాల ఢిల్లీ ఇంటర్న్‌షిప్‌కు ఒక అంచనా వేద్దాం. ఇద్దరు కలిసి ఉండే హాస్టల్ గదిలో ఒకరి వాటా నెలకు 8,000 అనుకుంటే రెండు నెలలకు 16,000. భోజనం నెలకు 5,000 చొప్పున 10,000. మెట్రో, ఫోను నెలకు 2,000 చొప్పున 4,000. రానుపోను రైలు 3,000. మొత్తం 33,000 రూపాయలు. ఇది కాక హాస్టల్ వాళ్లు ఒక నెల అడ్వాన్సు, అంటే 8,000 అడుగుతారు. అది ఖాళీ చేసేటప్పుడు తిరిగి వస్తుంది. పేటను బట్టి ధరలు అటూ ఇటూ ఉంటాయి, ఇది లెక్క అర్థం కావడానికే.

గౌరవ వేతనం ఇచ్చే చోట కథ వేరు. విదేశాంగ శాఖలో రెండు నెలలుంటే 20,000 వస్తుంది, ప్రయాణం ఖర్చు వాళ్లదే. పై లెక్క ప్రకారం అక్కడ ఉండటానికి 30,000 కావాలి కాబట్టి లోటు 10,000. మహిళా, శిశు అభివృద్ధి శాఖలో రెండు నెలలకు 40,000, హాస్టల్ వాళ్లదే. అక్కడ లోటు లేదు. రిజర్వు బ్యాంకులోనూ నెలకు 20,000 వస్తుంది కాబట్టి జాగ్రత్తగా ఉంటే నెట్టుకురావచ్చు.

కాని ఒక్క చిక్కుంది. గౌరవ వేతనం చేరిన రోజే చేతికి రాదు. పనిచేసిన తర్వాత, పత్రాలు సమర్పించిన తర్వాత ఖాతాలో పడుతుంది. ప్రయాణ ఖర్చు కూడా ముందు మనం పెట్టుకొని తర్వాత తీసుకోవలసిందే. రోజు కూలి మీద నడిచే ఇంట్లో ఆ మొదటి నెల ఖర్చుకు డబ్బు ఎక్కడ నుంచి తెస్తారు? వడ్డీకి తెస్తారు, లేదా వెళ్లడం మానుకుంటారు. ఎంపికైన తర్వాత కూడా పిల్లలు ఆగిపోయేది ఇక్కడే.

కాబట్టి సాయం రెండు రకాలుగా ఉండాలి. జీతం లేని ఇంటర్న్‌షిప్‌కు పూర్తి సాయం. వేతనం వచ్చే ఇంటర్న్‌షిప్‌కు కర్జె హసనా, అంటే వడ్డీ లేని అప్పు, వేతనం రాగానే తిరిగి చెల్లించే పద్ధతి మీద. మొదటిది ఖర్చయ్యే డబ్బు, రెండోది తిరిగివచ్చి ఇంకొకరికి అందే డబ్బు. హాస్టల్ అడ్వాన్సును కూడా రెండో ఖాతాలోనే పెట్టవచ్చు.

ఏడాదికి అయిదుగురికి పూర్తి సాయం అంటే 1,65,000 రూపాయలు. మరో అయిదుగురికి తలా 20,000 చొప్పున అప్పు అంటే లక్ష రూపాయల మూలధనం, పూర్తి సాయం పొందే అయిదుగురి అడ్వాన్సులకు 40,000. అంటే 3,05,000 రూపాయలతో పదిమంది విద్యార్థులు వెళ్లిరావచ్చు. అందులో 1,40,000 తిరిగి మన ఖాతాకే చేరుతుంది.

ఏ నిధి నుంచి ఇవ్వాలన్న ప్రశ్న సహజం. జకాత్ ఎవరికి చెందుతుందో షరతులున్నాయి. విద్యార్థి, అతని కుటుంబం ఆ షరతుల్లోకి వస్తారో లేదో ఉలమాను అడిగి నిర్ణయించుకోవాలి. సందేహం ఉన్నచోట సదఖా, లిల్లాహ్ విరాళాల నుంచి ఇవ్వడం మేలు. అప్పుల ఖాతాకు విడిగా విరాళం తీసుకొని విడిగా లెక్క రాయాలి. దాత ఏ ఉద్దేశంతో ఇచ్చారో ఆ ఉద్దేశానికే డబ్బు చేరాలి.

నిబంధనలో మార్పు

ఇదంతా జరగాలంటే మన నిబంధనల పుస్తకంలో ఒక వాక్యం మారాలి. ఫీజు రసీదు అడగటం తప్పు కాదు. దాతల డబ్బుకు లెక్క ఉండాలి కదా అన్న మంచి ఉద్దేశంతోనే పెద్దలు ఆ నియమం పెట్టారు. కాని అది కాలేజీ చదువును దృష్టిలో పెట్టుకొని రాసినది. ఇంటర్న్‌షిప్‌కు సరిపోయే రుజువులు వేరే ఉన్నాయి. శాఖ పంపిన ఎంపిక పత్రం, కాలేజీ అనుమతి పత్రం, హాస్టల్ రసీదు, రైలు టికెట్టు, చివర సర్టిఫికెట్. ఈ ఐదు పత్రాలు ఫీజు రసీదు కంటే గట్టి లెక్క.

సమయం కూడా ముఖ్యం. ఎంపిక పత్రం వచ్చాక చేరడానికి రెండు మూడు వారాలకు మించి గడువు ఉండకపోవచ్చు. మన కమిటీ మూడు నెలలకోసారి కూర్చుంటుంది. కాబట్టి ఇలాంటి దరఖాస్తుల మీద ముగ్గురు సభ్యులు వారంలోపు నిర్ణయం తీసుకొని, తర్వాత పూర్తి కమిటీ ముందు పెట్టే ఏర్పాటు కావాలి.

ఆడపిల్లల విషయంలో తల్లిదండ్రుల ఆందోళన న్యాయమైనదే. "ఎక్కడ ఉంటుంది, ఎవరితో ఉంటుంది" అని అమ్మీ అడిగితే మన దగ్గర జవాబు ఉండాలి. ఇద్దరిని కలిపి పంపడం, మహిళా హాస్టళ్లను ముందే విచారించి ఉంచడం, ఢిల్లీలో స్థిరపడిన మన ఊరి కుటుంబాల నంబర్లు ఇవ్వడం, బయలుదేరే ముందు ఒకసారి తల్లిదండ్రులతో కూర్చొని మాట్లాడటం. వీటికి పెద్దగా డబ్బు అక్కర్లేదు, మనుషులు కావాలి.

డబ్బు ఇవ్వలేని దాతలు కూడా ఇందులో చేయగలిగింది ఎంతో ఉంది. ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరైనవారు నెలకు ఒక ఆదివారం పిల్లల దరఖాస్తులు చదివి దిద్దవచ్చు. పాత ల్యాప్‌టాప్ పనిచేసే స్థితిలో ఉంటే ఇవ్వవచ్చు, దాన్ని ఇంటర్న్‌షిప్ నుంచి వచ్చాక తిరిగి తీసుకొని ఇంకొకరికి ఇస్తాం. లాయర్లు, లెక్చరర్లు ఒక గంట మాక్ ఇంటర్వ్యూ చేయవచ్చు.

సాయం పొందిన విద్యార్థికి ఒకే ఒక్క షరతు పెట్టాలని నా సూచన. తిరిగి వచ్చాక ఒక సాయంత్రం మన హాలులో జూనియర్లకు, వాళ్ల తల్లిదండ్రులకు అక్కడ ఏం నేర్చుకున్నారో తెలుగులోనో ఉర్దూలోనో చెప్పాలి. రహస్యంగా ఉంచవలసిన ఆఫీసు విషయాలు కాదు, తమ అనుభవం. ఒకరు వెళ్లివస్తే పదిమందికి దారి తెలుస్తుంది. ఇందాక చెప్పిన ఇంట్లో వినే మాటలు కొంతవరకైనా మన హాలులో వినిపిస్తాయి.

ఏడాది పొడవునా గుర్తుంచుకోవలసినవి

జూన్, జులై: పీజీలో చేరినవారి జాబితా తయారుచేయాలి. ఆదాయ, ఈడబ్ల్యూఎస్, ఓబీసీ పత్రాలు సిద్ధం చేయించాలి.
ఆగస్టు, సెప్టెంబరు: కాలేజీల్లో అవగాహన సమావేశం. విదేశాంగ శాఖ జనవరి విడతకు ప్రకటన ఎప్పుడు వస్తుందో గమనిస్తూ ఉండాలి.
అక్టోబరు నుంచి డిసెంబరు: రిజర్వు బ్యాంకు దరఖాస్తులు. మానవ హక్కుల సంఘం శీతకాల కార్యక్రమం.
జనవరి, ఫిబ్రవరి: ఇంటర్వ్యూలకు సాధన. వేసవికి నీతి ఆయోగ్ దరఖాస్తులు. ప్రతి నెలా పదో తేదీ గడువు మరవకూడదు.
మార్చి, ఏప్రిల్: హాస్టళ్ల విచారణ, అప్పుల మంజూరు, తల్లిదండ్రులతో సమావేశం.

మహిళా, శిశు అభివృద్ధి శాఖ బ్యాచ్‌లు ఏడాది పొడవునా నడుస్తాయి కాబట్టి ఆ ప్రకటనలను ఒక సభ్యురాలు ప్రత్యేకంగా చూసుకోవాలి.

చివరి మాట

ఆ అమ్మాయి తర్వాత ఎం.ఏ. మంచి మార్కులతో పూర్తిచేసింది. ఇప్పుడు మన ఊళ్లోనే ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్షకు చదువుతోంది. వయసు ఇంకా ఉంది, ఇన్షా అల్లాహ్ సాధిస్తుంది. గత రంజాన్ తర్వాత ఒక ఆదివారం మా దరఖాస్తుల పనికి సాయం చేయగలవా అని అడిగితే, ఒక్క మాట కూడా ఎత్తిపొడవకుండా వచ్చి కూర్చుంది. అప్పటినుంచి ప్రతి ఆదివారం వస్తోంది. ఒకరోజు ఒక పిల్ల ఫారం చూస్తూ నన్ను అడిగింది, "సర్, ఈ అమ్మాయికి వస్తే మన రూలు ఒప్పుకుంటుందా?" అని.

ఆ ప్రశ్నకు నేనొక్కణ్నే జవాబు చెప్పలేను. ఈ సంచికతోపాటు వార్షిక సమావేశానికి వచ్చే తీర్మానాల్లో నిబంధన మార్పు ఒకటి ఉంది. దాతలు, సభ్యులు దాన్ని చదివి, లోపాలుంటే సరిదిద్ది, మద్దతు ఇవ్వాలని నా మనవి. ఆమెకు "ఒప్పుకుంటుందమ్మా" అని చెప్పే అవకాశం ఈసారి మనకివ్వండి.